వినపడని పడవ పాట

మధ్యాహ్నం మూడింటికి మేనకోడల్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. పదకొండు దాటినా నస చేతిలో చెప్పుకోదగ్గ ఆధారం ఒక్కటీ లేదు. ఇంటర్నెట్ రేడియో ఆఫీసు ఉన్న అంతస్తుకి లిఫ్టు వచ్చేదాకా ఆగే ఓపిక లేక మెట్లెక్కేశాడు. ఎక్కాక ఆయాసం తట్టుకోలేక లిఫ్టునే తిట్టుకున్నాడు.

నస అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పోలీసు ఉద్యోగం చేసిన రోజుల్లో ముద్దాయిలు పెట్టింది. అడిగిందే అడిగి, చెప్పిందే మళ్ళీ చెప్పించి, 'బాబూ, చేశాను, ఇంక వదిలెయ్యి' అనేదాకా ప్రాణం తీసేవాడు. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఒంటికి అంటుకునే ఉంది.

అక్క పొద్దుట్నుంచీ ఫోను చేస్తూనే ఉంది. ఎత్తితే ఏడుపు, ఎత్తకపోతే మళ్ళీ ఫోను. "దాన్ని ఇంటికి తీసుకురారా" అన్న మాట తప్ప ఆవిడ నోట ఇంకో మాట లేదు. ఊరందరినీ ఏడిపించే నస అక్క దగ్గర మాత్రం ఒక్క ప్రశ్నకీ జవాబు రాబట్టలేకపోయాడు. బావ పోయాక ఆవిడకి ఆ పిల్లే లోకం, నసకీ అంతే. ఆ పిల్లకి సైకిలు నేర్పింది, ఈ రేడియోలో ఉద్యోగం తెచ్చిపెట్టిన సౌండ్ ఇంజనీరు కోర్సులో చేర్పించింది అతనే.

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. ఒకప్పుడు నస కింద పని నేర్చుకున్నవాడు. అప్పట్లో చేతులు కట్టుకుని నిలబడేవాడు, ఇప్పుడు జేబుల్లో పెట్టుకుని నిలబడుతున్నాడు.

"రండి గురువుగారూ. మీకిక్కడ పనేం లేదు. అయినా రండి."

"పిల్ల ఎక్కడ?"

"కంట్రోల్ రూములో. జరిగింది జరిగినట్టు చూపించమని తీసుకొచ్చాం. పొద్దుట్నుంచీ 'నాకేం తెలీదు' తప్ప ఇంకేం చూపించలేదు."

"తెలీనప్పుడు ఏం చూపిస్తుంది?"

"తెలుసు కాబట్టే నోరు విప్పట్లేదు. చూడండి, నాది సూటి లెక్క. నిన్న మధ్యాహ్నం పాటల హక్కుల సంఘం నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. పాత రికార్డు కంపెనీ ఒకటుంది, దాని పాటలు గాలిలో వచ్చే రేడియోకి ఇచ్చారు తప్ప ఇంటర్నెట్‌కి ఇవ్వలేదు, అన్నీ ఆపెయ్యమన్నాడు. మీ అమ్మాయి ఆయన మీద ఇంతెత్తున లేచింది. ఆఫీసంతా విన్నారు. ఆయన ఊరుకోకుండా తనే కంప్యూటర్లో ఆ పాటలన్నిటికీ తాళం వేసేశాడు. సాయంత్రం ఆరు దాటాక యజమాని వచ్చి చూస్తే ఆయన రికార్డుల గదిలో తల పగిలి పడున్నాడు. ఆ గది తెరిచే కార్డులు రెండే. ఒకటి యజమానిది. ఆయన సాయంత్రమంతా ఆఫీసువాళ్ళు పదిమందితో కలిసి బయట మీటింగులో ఉన్నాడు. రెండోది ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు."

"లోపలున్నవాడు తలుపు తీస్తే కార్డుతో పనేముంది?"

ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించుకున్నాడు. ఆ మాట అతనికి తట్టలేదని నసకి అర్థమైంది. ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఆయనకి స్పృహ వచ్చిందా?"

"ఇంకా లేదు. ఆస్పత్రి దగ్గర మావాడున్నాడు. గది చూస్తారా? ఏదీ ముట్టుకోకండి."

రికార్డుల గది ఇరుకుగా ఉంది. మూడు పక్కలా ఇనప అరలు, వాటి నిండా పాత రికార్డులు, టేపులు. గుమ్మానికి ఎదురుగా ఉన్న అర మూలన రక్తం ఎండిపోయి ఉంది. మనిషి వెనక్కి పడితే తల సరిగ్గా అక్కడే తగులుతుంది. కర్ర లేదు, రాడ్డు లేదు. కొట్టాలని వచ్చినవాళ్ళు ఖాళీ చేతుల్తో రారని నస లోపల్లోపల అనుకున్నాడు, పైకి అనలేదు.

రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసి ఉన్నాయి.

"పోట్లాడుకునేవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చుంటారా?" అన్నాడు నస.

"మొదట కూర్చున్నారు. తర్వాత లేచారు."

నస గోడ మీద చెక్క స్పీకరు చూశాడు. అలాంటిది ఈ ఆఫీసులో ప్రతి గదిలోనూ ఉంది. నడవాలో, వంటింట్లో, ఆఖరికి స్నానాలగదిలో కూడా ప్రసారం అవుతున్న పాట సన్నగా వినపడుతూనే ఉంది. ఈ గదిలో మాత్రం నిశ్శబ్దం. స్పీకరు కింద బొత్తాం సున్నా దాకా తిప్పేసి ఉంది.

"ఇది ఎవరు కట్టేశారు? మీవాళ్ళా?"

"మేం ముట్టుకోలేదు. చప్పుడు విసుగనిపించి ఆయనే కట్టేసి ఉంటాడు."

"పాటలు వినడమే ఉద్యోగం ఆయనకి. తనిఖీకి వచ్చి స్పీకరు కట్టేస్తాడా?"

"గురువుగారూ, బొత్తాం పట్టుకుని జైలు తలుపు తీయలేం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కొత్తగా నేర్చుకున్న వెటకారం.

నస ఆ బొత్తాం వంకే చూశాడు. ఈ గదిలో ఎవరికో నిశ్శబ్దం కావాల్సొచ్చింది. ఎందుకు? మనసులో ఆ ప్రశ్నని అటూ ఇటూ తిప్పుతూనే నడవాలోకి వచ్చాడు. కంట్రోల్ రూము అద్దంలోంచి మేనకోడలు కనపడింది. మీటల బల్ల ముందు ముడుచుకుని కూర్చుంది, పక్కన ఆడ కానిస్టేబులు. పిల్ల తలెత్తి మామయ్యని చూసింది. సంతోషపడాల్సింది పోయి కంగారుపడింది. నసకి అది నచ్చలేదు. భయపడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

అనౌన్సరుకి ఆఫీసులో పంచదార అని పేరు. గొంతు అంత తియ్యన. స్టూడియోలో మైకు పక్కనే కూర్చుని ఉన్నాడు. నస కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చోగానే ఆ గొంతులో తీపి కాస్త తగ్గింది.

"నిన్న సాయంత్రం మీ ప్రోగ్రాం ఎప్పట్నుంచి ఎప్పటిదాకా?"

"నాలుగు నుంచి ఆరు. ఇన్‌స్పెక్టరుగారికి చెప్పానండి."

"నాకూ చెప్పండి. ఆ రెండు గంటలూ ఈ కుర్చీలోనే ఉన్నారా?"

"లైవ్ ప్రోగ్రాం కదండీ. లేస్తే ఎలా?"

"దాహం వెయ్యలేదా?"

"నీళ్ళు పక్కనే పెట్టుకుంటాను."

"మా పిల్ల ఎక్కడుంది?"

"అద్దానికి అటుపక్క. మీటల దగ్గర. నా కళ్ళ ముందే ఉంది. ఒక్క నిమిషం కూడా కదల్లేదు, ఎక్కడైనా ప్రమాణం చేస్తాను."

వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "స్నేహితులు కదా గురువుగారూ. ఒకరికొకరు ఇలాగే చెప్పుకుంటారు. కోర్టులో నిలవదు."

అద్దంలోంచి చూసే మనిషి తలొంచుకుని కాగితం చూసుకుంటాడు, గడియారం చూసుకుంటాడు. ఒక్క నిమిషం కూడా కదల్లేదని రెండు గంటలకి పూచీపడే సాక్షిని నస ఇంతవరకూ నమ్మలేదు. ఈ పంచదార మా పిల్లని కాపాడుతున్నాడా, పిల్ల పేరు చెప్పి తనని తాను కాపాడుకుంటున్నాడా? స్టూడియోకీ రికార్డుల గదికీ మధ్య ఉన్నది నడవా ఒక్కటే. తలుపు తట్టి ఉంటే అధికారి తీసి ఉండేవాడు.

"నిన్నటి ప్రోగ్రాం వినిపిస్తారా?" అన్నాడు.

"ఎందుకండీ?"

"నాకు పాటలంటే ఇష్టం."

వినిపించక తప్పదు. ప్రసారమైనదంతా దాచి ఉంచాలన్నది హక్కుల సంఘం పెట్టిన షరతు. మేనకోడలు అద్దానికి అటుపక్క నుంచి మీట నొక్కింది. నొక్కేముందు ఒక్క క్షణం తటపటాయించింది.

నస కళ్ళు మూసుకుని విన్నాడు. పాట, పంచదార మాట, పాట, మాట. మధ్యలో ఆపించి, వెనక్కి తిప్పించి, మళ్ళీ విన్నాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. పంచదార మెడ తుడుచుకున్నాడు.

"మీరు పాట పేరు ముందు చెప్పట్లేదు. అయ్యాక చెప్తున్నారు. మీ అలవాటా?"

"రూలండి. ఫలానా పాట ఫలానా టైముకి వేస్తామని ఇంటర్నెట్ రేడియోలో ముందుగా చెప్పకూడదు. చెబితే జనం కాచుక్కూర్చుని రికార్డు చేసుకుంటారట, ఇంక కొనేదెవరని కంపెనీల ఏడుపు. అందుకే పాట అయ్యాక, 'ఇప్పుడు మీరు విన్నది' అని మొదలుపెడతాం."

"మంచి రూలు," అన్నాడు నస. మళ్ళీ మీట నొక్కమని సైగ చేశాడు.

ఒక పాట అయిపోయింది. తర్వాత మాటల్లేని వేణువు మొదలైంది. చక్కగా వాయించారు. నస తల ఊపుతూ ఆసాంతం విన్నాడు. వేణువు ఆగింది. ఆ వెంటనే పంచదార గొంతు, రోజూకన్నా మరింత పాకం పట్టి: 'విన్నారుగా పడవ పాట. ఆ అమ్మగారి గొంతు వింటుంటే తెడ్డు నీళ్ళలో పడుతున్న చప్పుడు చెవికి తగుల్తుంది కదూ.'



"ఆపమ్మా," అన్నాడు నస. పంచదార వైపు తిరిగాడు. "ఏ అమ్మగారు? పాడింది ఎవరు? నాకు వేణువే వినపడింది."

పంచదార పక్కనున్న నీళ్ళ సీసా అందుకున్నాడు.

"పడవ పాట ఆ పాత కంపెనీదేగా? మధ్యాహ్నం అధికారి తాళం వేసిన పాటల్లో ఒకటి. తాళం పడితే మిషను ఆ పాట వదిలేసి, దాని బదులు చేతికందింది వేసేస్తుందని మా పిల్ల ఓసారి చెప్పింది. అందుకే వేణువు వచ్చింది. మైకు ముందు మనిషి కూర్చుని ఉంటే వేణువు విని పడవ పాట అని మెచ్చుకుంటాడా? మీరు కూర్చోలేదు. ఈ మాటలన్నీ పొద్దున్నే, తాళాలు పడకముందే రికార్డు చేసి పెట్టేశారు. సాయంత్రం ఈ గదిలో మాట్లాడింది మీరు కాదు, మిషను. మీరెక్కడున్నారు?"

"అదీ..."

"నాలుగు నుంచి ఆరు దాకా ఎక్కడున్నారు?"

"నేనా మనిషిని ముట్టుకోలేదండి."

"ముట్టుకున్నారా అని అడగలేదు. ఎక్కడున్నారని అడిగాను."

నస పళ్ళూడగొట్టే వేగంతో అడగడు. మెల్లగా, విసుగులేకుండా, అదే ప్రశ్న. నాలుగోసారికి పంచదార మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఇంకో ఇంటర్నెట్ రేడియోలో వేరే పేరు పెట్టుకుని మాట్లాడుతున్నాడట. వారానికి ఒక సాయంత్రం. ఇక్కడ ఒప్పందం ప్రకారం అతని గొంతు ఇంకెక్కడా వినపడకూడదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఆ రోజు పొద్దున్నే తన మాటలు రికార్డు చేసి, ఆరు కాకముందే వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నస మేనకోడలు మీటల దగ్గర ఉండి, ఎక్కడైనా తేడా వస్తే సరిచేస్తుంది.

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీశాడు. అవతలి రేడియోవాళ్ళు ఇద్దరు, ముగ్గురు వరసగా అదే మాట చెప్పారు. నిన్న సాయంత్రం అతను అక్కడే ఉన్నాడు. లైవులో, శ్రోతలతో ఫోనులో మాట్లాడుతూ. ఎదురుగా ఆ ఆఫీసంతా ఉంది.

నసకి కొంచెం నిరుత్సాహమేసింది. దొంగ దొరికాడనుకుంటే అబద్ధాలకోరు దొరికాడు. పోనీలే అనుకున్నాడు. కనీసం ఇన్‌స్పెక్టరు సూటి లెక్కలో ఒక సున్నా చెరిపాను కదా.

ఇన్‌స్పెక్టరు ఫోను జేబులో వేసుకున్నాడు. వెటకారం లేదు. నస నేర్పిన పద్ధతిలోనే, మెల్లగా మాట్లాడాడు.

"చాలా బాగా పట్టారు గురువుగారూ. నాకు తట్టలేదు. ఇప్పుడు నాకో సందేహం. తేడా వస్తే సరిచెయ్యడానికే కదా ఆ అమ్మాయి మీటల దగ్గర కూర్చునేది? వేణువు వచ్చింది. మిషను పడవ పాట అంది. ఏ పాటలకి తాళం పడిందో అందరికన్నా బాగా తెలిసిన మనిషి, వాటికోసమే మధ్యాహ్నం పోట్లాడిన మనిషి, చెయ్యి పెట్టి సరిచెయ్యలేదేం?"

నస అద్దంలోంచి పిల్ల వంక చూశాడు.

"వినలేదు కాబట్టి. అక్కడ లేదు కాబట్టి. ఇందాకటిదాకా ఆ అమ్మాయి కదల్లేదని చెప్పేవాడు ఒకడుండేవాడు. వాణ్ణి మీరే తీసేశారు. ఇప్పుడు ఈ అంతస్తులో సాయంత్రం ఉన్నది ఇద్దరు. ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు."

పొద్దుట్నుంచీ పిల్ల చుట్టూ ఉన్న గోడ ఒక్కటే. దాన్ని నస చేతులారా కూలగొట్టి, పైగా మురిసిపోయాడు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. మాట్లాడుతూ నడవాలోకి వెళ్ళాడు, పంచదారని కూడా రమ్మని వేలు ఆడించి.

నస కంట్రోల్ రూములోకి పరుగెత్తినంత పని చేశాడు. కానిస్టేబుల్ని బతిమాలితే ఆవిడ గుమ్మం దాకా జరిగింది. పిల్ల పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఎక్కడున్నావే?"

"ఎందుకు విన్నావు మామయ్యా ఆ ప్రోగ్రాం? మూడోసారి తిప్పించినప్పుడే అయిపోయిందనుకున్నాను."

"ఎక్కడున్నావంటే చెప్పవేం?"

"రికార్డుల గదిలో."

"కొట్టావా?"

"లేదు."

"మరి చూశావా?"

పిల్ల తల ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు. "అమ్మ."

నసకి ముందు అర్థం కాలేదు. అమ్మని తలుచుకుని ఏడుస్తోందనుకున్నాడు.

"అమ్మ వచ్చింది మామయ్యా. వెనక మెట్ల తలుపు నేనే తీశాను. పడవ పాట అమ్మదే. పెళ్ళికి ముందు పాడింది. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు తెలీదు. తాతయ్యకి తెలిస్తే చంపేస్తాడని అమ్మ భయం. కంపెనీవాడు అదే అదనుగా రికార్డు మీద వాళ్ళావిడ పేరు వేసుకున్నాడు. ఆవిడ పోయింది, కంపెనీ మూతపడింది. ఇంటర్నెట్‌కి ఒప్పుకున్నామని చెప్పేవాళ్ళు ఎవరూ లేరని పాట ఆపేస్తామన్నాడు ఆ అధికారి. పాడిన మనిషి ఉంది, ఆవిడే వచ్చి ఒప్పుకుంటుంది అని నేనే అమ్మని పిలిపించాను."

"పిలిపిస్తే?"

"రుజువేదీ అన్నాడు. అమ్మ స్పీకరు కట్టేసి పాడింది. మొత్తం పాడింది మామయ్యా. ఈ వయసులో, గొంతు ఒక్కచోట కూడా వణకలేదు. అంతా విన్నాడు. విని, గొంతు సాక్ష్యానికి పనికిరాదమ్మా, ఇలాంటివాళ్ళు మా ఆఫీసుకి రోజుకొకరు వస్తారు అన్నాడు. అమ్మ లేచింది. ఏమన్నారు అంటూ ఒక్క తోపు తోసింది. అంతే. ఆయన పడ్డాడు. చచ్చిపోయాడేమోనని అమ్మ వణికిపోతుంటే నేనే ఇంటికి పంపేశాను. అంబులెన్సుకి ఫోను చెయ్యకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నాను, అది నా తప్పే. అమ్మ పేరు చెప్పకు. చెప్పనని ఒట్టెయ్యి."

నస ఒట్టెయ్యలేదు, కాదనలేదు. అతనికి వంటింట్లో అక్క కనపడింది. రేడియోలో పడవ పాట రాగానే చెయ్యి తుడుచుకుని వచ్చి టక్కున కట్టేసే అక్క. 'ఏమక్కా, మంచి పాటేగా' అని తను ఎన్నిసార్లు విసుక్కున్నాడో. గొంతు విని మనిషిని పట్టేస్తానని పేరున్నవాడు, ఒకే ఇంట్లో పుట్టిన అక్క గొంతు ఇన్నేళ్ళుగా వింటూ పోల్చుకోలేకపోయాడు.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"ఆయన పోయారు," అన్నాడు. "ఇంక ఇది దాడి కేసు కాదు గురువుగారూ."

పిల్ల మామయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోయేముందు కొంచెంసేపు స్పృహ వచ్చిందట. మావాడు పక్కనే ఉన్నాడు. ఎవరు తోశారని అడిగితే దానికి జవాబు చెప్పలేదు. 'పాడింది ఆవిడే' అన్నాడట. అదే మాట రెండుసార్లు. 'పడవ పాట పాడింది ఆవిడే, రాసుకోండి' అని." ఇన్‌స్పెక్టరు పిల్ల వంక చూసి, మళ్ళీ నస వంక చూశాడు. "నాకేం బోధపడలేదు. ఆ రికార్డు మీద పేరున్నావిడ ఎప్పుడో పోయిందని పంచదార అంటున్నాడు. మరి ఈ ఆవిడెవరు? మీకేమైనా తెలుసా?"

తెలీదంటే సరిపోతుంది. ఆ ఒక్క మాట అంటే అక్క ఇంట్లోనే ఉంటుంది, పిల్ల జైలుకి పోతుంది. పోనీ ఏదో తంటాలు పడి పిల్లని కూడా తప్పించవచ్చు. వయసంతా ఇలాంటి చిక్కుముళ్ళు విప్పడంలోనే గడిచింది, ఒకటి వెయ్యలేడా? కానీ ఆ మనిషి ఆఖరి ఊపిరితో ఒప్పుకుని పోయాడు. అక్క ఎదురుచూసిన మాట, ఎవరూ అనని మాట. ఇప్పుడు తెలీదంటే ఆ పాట మీంచి ఆవిడని ఇంకోసారి చెరిపేసినట్టే, ఈసారి సొంత తమ్ముడి చేత్తో.

పిల్ల వద్దన్నట్టు అడ్డంగా తలూపుతూనే ఉంది.

"తెలుసు," అన్నాడు నస. గొంతు తనది కానట్టు వినపడింది. "పాడింది మా అక్క."

పిల్ల అతని చెయ్యి వదిలేసింది.